ఓటరుకు చెప్పకూడని సలహాలు

ఎన్నికల కబురు రాగానే బెజవాడలో సలహాలకు లోటుండదు. బెంజి సర్కిల్ టీ బడ్డీ మొదలు సింగ్‌నగర్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల దాకా ఓటు గురించి అందరూ చెప్పేవాళ్లే. ఎవరూ చెడు కోరి చెప్పరు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ మాటలు నమ్మి ఇంట్లో కూర్చుండిపోయినవాళ్లకూ, బూత్ దాకా వెళ్లి ఉసూరుమంటూ తిరిగొచ్చినవాళ్లకూ మళ్లీ అవకాశం ఐదేళ్లకు గానీ రాదు. అందుకే ఊళ్లో ఎక్కువగా వినపడే తప్పు సలహాలను, అవి ఎందుకు తప్పో చెబుతూ ఇక్కడ ఏర్చి పెడుతున్నాను. వీటిలో ఏ ఒక్కటి మీ నోటి వెంట వచ్చినా, ఎదుటివాళ్ల ఓటుకు నష్టం చేసినవాళ్లవుతారు.

“కార్డు చేతిలో ఉందిగా, ఇంకేం భయం?”

అన్నిటికంటే ఎక్కువ ఓట్లు పోగొట్టే మాట ఇదే. ఓటరు గుర్తింపు కార్డు 1993లో, టి.ఎన్. శేషన్ ఎన్నికల ప్రధాన కమిషనరుగా ఉన్నప్పుడు వచ్చింది. మనిషి ఫలానా అని తెలియజెప్పడం వరకే దాని పని. ఓటు హక్కు ఇచ్చేది ఓటర్ల జాబితా. కార్డు బీరువాలో భద్రంగా ఉండి, జాబితాలో పేరు లేకపోతే, బూత్‌లో ఎవరూ ఏమీ చేయలేరు. కార్డు లేకుండా జాబితాలో పేరు ఉంటే మాత్రం మరో గుర్తింపు పత్రం చూపించి నిక్షేపంగా ఓటేయొచ్చు.

ఇల్లు మారినప్పుడు, వీధి వేరే పోలింగ్ కేంద్రంలోకి వెళ్లినప్పుడు, బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) వచ్చేసరికి ఇంటికి తాళం ఉన్నప్పుడు జాబితాలో పేరు అటూ ఇటూ అవుతుంది. కార్డు మీద ఆ మార్పు కనిపించదు. నామినేషన్లకు చివరి తేదీ దాటితే కొత్త పేరు చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. 2024లో మన రాష్ట్రంలో ఆ తేదీ ఏప్రిల్ 25, పోలింగ్ మే 13న. మే నెల మొదట్లో పేరు వెతుక్కున్నవాళ్లకు ఎంత పెద్దవాళ్ల సిఫారసు ఉన్నా పని జరగలేదు, జరగదు కూడా.

“కార్డు మీద పాత అడ్రసుంది, బూత్‌లో రానివ్వరు”

ఈ మాట విని ఆగిపోయేది ఎక్కువగా అద్దె ఇళ్లవాళ్లు. కృష్ణలంకలో ఉన్నప్పుడు తీసుకున్న కార్డుతో ఇప్పుడు పటమటలో ఉంటున్నవాళ్లు, వన్‌టౌన్ నుంచి భవానీపురం వెళ్లినవాళ్లు. పటమటలో ఓటు నమోదై ఉన్నా సరే, కార్డు మీద కృష్ణలంక అని ఉందని జంకుతారు.

బూత్‌లో ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే ఈ భయానికి తావు లేదని తెలుస్తుంది. లోపలికి వెళ్లగానే మొదటి పోలింగ్ అధికారి ముందు జాబితా ఉంటుంది. మీ క్రమసంఖ్య చూసి, పేరు పైకి చదువుతాడు. వెనక బెంచీ మీద కూర్చున్న ఏజెంట్లు తమ దగ్గరున్న కాపీల్లో ఆ పేరు దగ్గర టిక్కు పెట్టుకుంటారు. గుర్తింపు పత్రం మీద ఫొటో చూస్తారు, మీ ముఖం చూస్తారు. అభ్యంతరం లేకపోతే పక్క బల్ల దగ్గర ఎడమ చూపుడు వేలికి సిరా, రిజిస్టరులో సంతకం. ఆ తర్వాత చీటీ తీసుకుని యంత్రం దగ్గరకు. ఈ వరసలో ఎక్కడా “మీరు ఇప్పుడు ఏ ఇంట్లో ఉంటున్నారు?” అన్న ప్రశ్న లేదు.

అది అధికారుల మరుపు కాదు, నిబంధనే అలా ఉంది. కార్డులో చిన్న చిన్న తేడాలున్నా మనిషి ఎవరో తేలితే పట్టించుకోవద్దని ఎన్నికల సంఘం ప్రతి ఎన్నికకూ ఆదేశాలిస్తుంది. వేరే నియోజకవర్గంలో ఇచ్చిన కార్డు తెచ్చినా, ఆ బూత్ జాబితాలో పేరుంటే ఒప్పుకోవాలని కూడా అందులోనే ఉంటుంది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం జాబితాలోని అచ్చుతప్పులను కూడా ప్రిసైడింగ్ అధికారి పక్కన పెట్టాలి. ‘వెంకటేశ్వరరావు’లో ఒక అక్షరం ఎగిరిపోయిందనో, డోర్ నంబరులో గీత పక్కకు జరిగిందనో మనిషిని వెనక్కి పంపకూడదు.

బెజవాడ డోర్ నంబర్ల సంగతి తెలిసినవాళ్లకు ఈ నియమం విలువ వేరే చెప్పక్కర్లేదు. రెండు గీతలు, ఆపైన ఒక బై నంబరు, దాని పక్కన పాత నంబరు. చిట్టినగర్, కొత్తపేట, మొగల్రాజపురం కొండల మీద మెట్ల వెంట ఇల్లు మీద ఇల్లు. అక్కడ చిరునామా అంటే మెట్ల వరస, ఫలానా గుడి, ఫలానావాళ్ల ఇంటి వెనక. ఆ ఇళ్లలోవాళ్లను డోర్ నంబరు సరిపోలేదని బూత్‌లో ఆపడం మొదలుపెడితే ఊళ్లో కొండలకు కొండలే వెనక్కి రావాలి.

చిరునామా తేలేది జాబితా తయారయ్యేటప్పుడు. బూత్‌లో తేలేది మనిషి. ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం తప్పు సలహాలు పుడుతున్నాయి.

ఒక్క సందర్భంలో మాత్రం పాత చిరునామా బూత్ దాకా వెంట వస్తుంది. ఓటరు చీటీలు పంచడానికి వెళ్లిన బీఎల్వోకు మనిషి దొరక్కపోతే, ఇల్లు మారారని గానీ చనిపోయారని గానీ చుట్టుపక్కలవాళ్లు చెబితే, ఆ పేర్లతో ఒక విడి జాబితా తయారవుతుంది. ఏఎస్‌డీ జాబితా అంటారు. అది ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఉంటుంది. అందులో మీ పేరున్నా ఓటు పోయినట్టు కాదు. ఆయన స్వయంగా మీ గుర్తింపు పత్రం చూస్తారు, సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకుంటారు. దొంగ ఓటును ఆపడానికి పెట్టిన ఏర్పాటు అది. నిజమైన ఓటరు అక్కడ నిదానంగా నిలబడి, అసలు పత్రం చూపించి ఓటేసి రావాలి. “ఏఎస్‌డీలో పేరొచ్చింది, ఇంక వెళ్లకు” అని చెప్పేవాళ్లు దొంగ ఓటరుకు దారి ఇస్తున్నట్టే.

“స్లిప్పు తీసుకెళ్లు చాలు, లేదంటే రేషన్ కార్డు చూపించు”

2019 లోక్‌సభ ఎన్నికల నాటి నుంచే ఓటరు చీటీ ఒక్కటే గుర్తింపుగా చెల్లదని ఎన్నికల సంఘం తేల్చేసింది. ఇప్పుడు దాని మీద ఫొటో కూడా లేదు. బూత్ నంబరు, క్రమసంఖ్య చెప్పే చీటీ అది, అంతే. ఇక మన ఇళ్లలో అన్ని పనులకూ ముందు బయటికి తీసే రేషన్ కార్డు 2024 ఎన్నికలకు ఇచ్చిన జాబితాలో లేనే లేదు. ఓటరు కార్డు లేనివాళ్లకు అప్పుడు ఒప్పుకున్నవి పన్నెండు. ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, డ్రైవింగ్ లైసెన్సు, పాన్, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పింఛను పత్రం, దివ్యాంగుల యూడీఐడీ కార్డు, ప్రభుత్వ సంస్థల ఉద్యోగుల గుర్తింపు కార్డు వంటివి. పొలం పనులకు వెళ్లే అక్కచెల్లెళ్ల దగ్గర మరేమీ లేకపోయినా జాబ్ కార్డు ఉంటుంది. అది చెల్లుతుందని వాళ్లకు చెప్పేవాళ్లే తక్కువ.

“ఫోన్‌లో ఆధార్ ఉందిగా” అన్న ధైర్యం కూడా వద్దు. బూత్‌లోకి ఫోన్ రానివ్వరు. కాగితమో కార్డో చేతిలో ఉండాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ట్రంకు పెట్టెల్లో, బీరువాల అడుగు అరల్లో దాచుకున్న కాగితాలు బురదలో కలిసిపోయాయి. ప్లాస్టిక్ తొడుగు ఉన్న కార్డుల్లోకి కూడా నీళ్లు దిగి, ఫొటో ఉన్నచోట మరక మిగిలింది. “కార్డు పోయింది, మీ ఓటు పోయినట్టే” అని ఆ కాలనీల్లో ఎవరన్నా అంటే గట్టిగా ఖండించండి. జాబితా వరదలో కొట్టుకుపోలేదు. ఫారం-8 పెడితే మారు కార్డు వస్తుంది, నంబరు కూడా పాతదే. ఆ లోగా ఎన్నిక వచ్చినా, పైన చెప్పిన పత్రాల్లో ఏ ఒక్కటి ఉన్నా చాలు.

“సొంతిల్లు ఇక్కడుందిగా, ఓటు ఇక్కడా ఉండనీ, హైదరాబాదులోనూ ఉండనీ”

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. కృష్ణా డెల్టాలో పిల్లలో, అన్నదమ్ములో హైదరాబాదులో లేని ఇల్లు అరుదు. సంక్రాంతికి వచ్చినట్టే ఓటుకు కూడా వస్తారు. పోలింగ్ ముందు రోజుల్లో పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారులు ఏ ఎన్నికలో చూసినా ఉంటాయి. సొంత ఊరి మీద మమకారంతో ఐదారు గంటలు ప్రయాణం చేసి వచ్చి ఓటేసేవాళ్లను నేను తప్పు పట్టను. కానీ చాలామందికి అక్కడా ఓటుంది, ఇక్కడా ఓటుంది. 2023 నవంబరు 30న అక్కడ అసెంబ్లీకి ఓటేసి, 2024 మే 13న ఇక్కడ అసెంబ్లీకి ఓటేస్తే తప్పేముందని అడిగేవాళ్లూ ఉన్నారు.

తప్పే. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం పదిహేడో సెక్షను ప్రకారం ఒక మనిషి పేరు ఒకటికి మించిన నియోజకవర్గాల్లో ఉండకూడదు. ఓటు రెండుసార్లు వేశారా లేదా అన్నది తర్వాతి సంగతి, రెండుచోట్ల నమోదు కావడమే నిషేధం. ఇరవయ్యో సెక్షను ఇంకో అడుగు ముందుకు వేసి, ఇల్లు సొంతమైనంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదని స్పష్టంగా చెబుతుంది. గుడివాడలో పెంకుటిల్లు మీ పేరునే ఉండొచ్చు, పన్ను మీరే కడుతూ ఉండొచ్చు. పదేళ్లుగా కూకట్‌పల్లిలో కాపురం ఉంటే మీ ఓటు అక్కడే. దరఖాస్తులో తెలిసి అబద్ధం రాస్తే ముప్పై ఒకటో సెక్షను కింద ఏడాది దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. సలహా ఇచ్చిన బాబాయి గారి మీద కేసు ఉండదు, సంతకం పెట్టిన అబ్బాయి మీద ఉంటుంది.

అదే ఇరవయ్యో సెక్షనులో రెండో వైపు కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసం పోదు. నాలుగు నెలలు పనికి బయటి రాష్ట్రం వెళ్లిన కూలీలు, ఆపరేషను కోసం కూతురింట్లో ఉన్న పెద్దావిడ, వీళ్ల ఓట్లు ఊళ్లోనే ఉంటాయి. “వాళ్లు ఊళ్లో ఉండట్లేదు, తీసేయండి” అని బీఎల్వోకు చెప్పే ముందు ఈ తేడా తెలుసుకోవాలి.

“వాళ్లు ఖాళీ చేసి వెళ్లారు, ఫారం-7 పెట్టేద్దాం”

2019 ఎన్నికల ముందు ఈ ఫారం మన రాష్ట్రాన్ని కుదిపేసింది. పేర్లు తొలగించమంటూ దరఖాస్తులు లక్షల్లో వచ్చి పడ్డాయి. విచారణకు వెళ్తే, ఏ పేరుతో దరఖాస్తు పెట్టారో ఆ మనిషికే ఆ సంగతి తెలియని సందర్భాలు బయటపడ్డాయి. పోలీసు కేసులు నమోదయ్యాయి. చనిపోయిన తల్లిదండ్రుల పేర్లు తీయించడానికి బిడ్డలు ఫారం-7 పెట్టాలి, అది బాధ్యత. చాలామంది ఆ పని చేయకపోవడం వల్లే దొంగ ఓటుకు పేర్లు దొరుకుతున్నాయి. కానీ రాజకీయంగా గిట్టనివాళ్ల మీద అబద్ధం రాసి పెట్టే ఫారం-7 నేరం. మీ పేరు మీద ఎవరైనా అలా పెట్టినా బెంబేలు పడొద్దు. మీ మాట వినకుండా అధికారి పేరు తీసేయడానికి చట్టంలో వీల్లేదు. నోటీసు వస్తే వెళ్లి హాజరు కావాలి, అంతే.

“ఓనరు ఒప్పుకోకపోతే అద్దెవాళ్లకు ఓటు రాదు”

రిజిస్టరైన అద్దె ఒప్పందం ఉంటే మంచిదే గానీ, మన ఊళ్లో రిజిస్టరు చేయించే ఓనర్లు ఎంతమంది? ఆ కాగితం లేకపోయినా కొత్త చిరునామాతో ఉన్న ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పాస్‌పోర్టు, కరెంటు బిల్లు, గ్యాస్ బిల్లులో ఏ ఒక్కటైనా చెల్లుతుంది. ఏదీ లేకపోతే బీఎల్వో ఇంటికి వచ్చి చూసి రాస్తారు. ఓనరు సంతకం ఎక్కడా అడగరు. ఇల్లే లేనివాళ్ల సంగతి కూడా ఎన్నికల సంఘం ఆలోచించింది. రైల్వే స్టేషను బయటో, వంతెన కిందో పడుకునే మనిషి ఓటు అడిగితే, బీఎల్వో రాత్రిపూట వెళ్లి ఆ మనిషి అక్కడే నిద్రపోతున్నాడో లేదో చూడాలి. చూస్తే చాలు, కాగితం అక్కర్లేదు. మన ప్రజాస్వామ్యంలో నాకు అన్నిటికంటే నచ్చిన నియమం ఇది. దీన్ని అమలు చేయించుకోవాలి.

ఇల్లు మారినవాళ్లకు “కొత్తగా ఫారం-6 పెట్టేయ్” అని ఇచ్చే సలహా ఇంకో తద్దినం. ఫారం-6 మొదటిసారి ఓటరయ్యేవాళ్లకు. పాతవాళ్లు అది పెడితే పేరు రెండుచోట్ల తేలుతుంది. మారినవాళ్లకు ఫారం-8 ఉంది. అదే నియోజకవర్గంలో మారినా, తూర్పు నుంచి సెంట్రల్‌కు మారినా అదే.

“బూత్‌లోనే కరెంటు బిల్లు అడిగితే దొంగ ఓట్లన్నీ పోతాయి”

ఈ మాట చదువుకున్నవాళ్ల నోట వింటాను, వాళ్ల కోపమూ అర్థమవుతుంది. 2021 తిరుపతి ఉపఎన్నికలో ఓటరు కార్డుల దుర్వినియోగంపై చివరికి ఒక ఐఏఎస్ అధికారి సస్పెండయ్యాకనైనా ఆ కోపం రాకపోతే ఎలా? అయినా ఈ మందు పనిచేయదు. 2024లో మన దగ్గర పోలింగ్ ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా, పదకొండు గంటలు. 1,200 మంది ఓటర్లున్న బూత్‌లో అందరూ వస్తే ఒక్కొక్కరికి అర నిమిషం పైచిలుకు. అందులో బిల్లు తీసి, పేరు చూసి, ఆ బిల్లు ఓనరు పేరు మీద ఎందుకుందని అడగడం మొదలుపెడితే మిట్టమధ్యాహ్నం ఎండలో వరస ఎక్కడ తేలుతుంది? సొంతిల్లున్నవాళ్లు దర్జాగా లోపలికి వెళ్తారు, అద్దెవాళ్లూ కొండ మీదివాళ్లూ ఆగిపోతారు. బ్రిటన్‌లో 2023 మే స్థానిక ఎన్నికల నుంచి ఇంగ్లండులో బూత్ దగ్గర ఫొటో గుర్తింపు తప్పనిసరి చేశారు, అంతకుముందు పేరూ చిరునామా నోటితో చెబితే సరిపోయేది. అంత కట్టుదిట్టం చేశాక కూడా వాళ్లు చిరునామాకు రుజువు అడగడం లేదు.

నిజంగా శుభ్రం కావాలంటే జాబితా దగ్గర కష్టపడాలి. 2023లో బీఎల్వోలు ఇంటింటికీ తిరిగినప్పుడు సున్నా డోర్ నంబర్లూ, ఒకే ఇంట్లో పదిమందికి పైగా ఓటర్లూ పెద్ద చర్చయ్యాయి. అవి సరిదిద్దుకోవాల్సింది అప్పుడే, ముసాయిదా జాబితా గోడకు అతికించినప్పుడే. అలాగని జాబితా పేరుతో కాగితాల భారమంతా జనం మీద వేయడమూ సరి కాదు. 2025లో బిహార్‌లో జరిపిన ప్రత్యేక సవరణలో ముసాయిదా నుంచి దాదాపు 65 లక్షల పేర్లు తప్పిపోయాయి. ఆధార్‌ను గుర్తింపుగా ఒప్పుకోవాలని సుప్రీంకోర్టు సెప్టెంబరులో చెప్పాల్సి వచ్చింది. రెండో విడతలో ఆ సవరణ పుదుచ్చేరికి, దానితో పాటు మన గోదావరి ఒడ్డు యానాంకూ చేరింది. మనదాకా వచ్చేసరికి ఎవరి కాగితాలు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉండాలి.

“నీ ఓటు ఎవరో వేసేశారు, ఇంటికెళ్లు”

వెళ్లొద్దు. ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49పి కింద టెండర్ ఓటు అడగండి. 2018లో వచ్చిన ‘సర్కార్’ సినిమా చూసినవాళ్లకు ఈ నంబరు గుర్తుంటుంది. మీరెవరో నిరూపించుకుంటే కాగితపు బ్యాలెట్ ఇస్తారు. యంత్రంలోని ఓట్లతో దాన్ని లెక్కపెట్టరు, కవరులో విడిగా సీలు వేస్తారు. అయినా వేసి రావాలి. మెజారిటీ తక్కువై కేసు కోర్టుకు వెళ్తే ఆ కవరే సాక్ష్యం.

ఏజెంటు ఎవరన్నా “ఈయన ఆయన కాదు” అన్నా బెదరక్కర్లేదు. అలా అభ్యంతరం పెట్టడానికి అతను రెండు రూపాయలు కట్టాలి, ఆధారం చూపించాలి. చూపించలేకపోతే మీరు ఓటేస్తారు. మీరు ఆ వీధిలో ఉంటున్నారా లేదా అన్న వాదన అక్కడ చెల్లదు, జాబితాలోని మనిషి మీరేనా అన్నదొక్కటే తేల్చాలి.

“అమెరికాలో ఉన్నా మనవాడేగా, వాడి ఓటు ఇక్కడే ఉంది”

పౌరసత్వం మార్చుకోకపోతే ఫారం-6ఎ పెట్టి ప్రవాస ఓటరు కావచ్చు. పోలింగ్ రోజు స్వయంగా రావాలి, అసలు పాస్‌పోర్టు ఒక్కటే చెల్లుతుంది. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లకు ఇక్కడ ఓటు లేదు, ఓసీఐ కార్డుతో రాదు. పాత జాబితాలో పేరు మిగిలిపోయి ఉంటే తీయించేయడం ఇంట్లోవాళ్ల పని.

“అసెంబ్లీ ఓటుంటే ఎమ్మెల్సీ ఓటు కూడా ఉన్నట్టే”

2025 ఫిబ్రవరి 27న కృష్ణా–గుంటూరు పట్టభద్రుల ఎన్నిక రోజున ఇలా నమ్మి నష్టపోయినవాళ్లు నాకు తెలుసు. పట్టభద్రుల జాబితా ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారవుతుంది, ఫారం-18 పెట్టాలి. పోయినసారి ఓటేసినా మళ్లీ పెట్టాల్సిందే.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటుంది. ఎన్నికలు దూరంగా ఉన్న ఈ రోజుల్లోనే 1950కి ఫోన్ చేయండి, లేదా ఎన్నికల సంఘం యాప్‌లో మీ కార్డు నంబరు కొట్టి పేరు, బూత్, క్రమసంఖ్య చూసుకోండి. మీది చూసుకున్నాక ఇంట్లో పనిచేసే అమ్మాయిది, వాచ్‌మన్‌ది, కింద వాటాలో అద్దెకున్నవాళ్లది కూడా చూసి పెట్టండి. పేరు లేకపోతే ఫారం ఆ రోజే నింపించండి.